కలంకారీలో ఎరుపు ఎక్కడ పుడుతుంది: కరక్కాయ, కసిం, పటిక లెక్కలు

కలంకారీ బట్ట మీద ఎరుపుని ఎవరూ ఎరుపుగా పూయరు. కలంతో పూసేది పటిక నీళ్లు. ఆరాక అది కంటికి సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. ఆ బట్టని మంజిష్ఠ వేరు కాగుతున్న నీళ్లలో వేసి తిప్పితే పటిక తగిలిన చోట ఎరుపెక్కుతుంది. కసిం (ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లు) తగిలిన చోట నలుపు ఇంకా ముదురుతుంది. రెండూ కలిపి పూసిన చోట వంకాయ రంగు తేలుతుంది. ఏమీ పూయని చోట, ఉతికి ఎండలో పరిస్తే పోయే లేత గులాబీ ఛాయ మిగులుతుంది. కాగు ఒకటే, అందులో రంగునీళ్లూ ఒకటే. ఏ చోట ఏ రంగు రావాలో అంతకు రెండు రోజుల ముందే, పటికతోనూ ఇనుముతోనూ తేలిపోయి ఉంటుంది.

ఈ సంగతి వదిలేసి సహజ రంగుల గురించి ఎంత చెప్పినా దండగే. "దానిమ్మ తొక్కలు ఉడకబెట్టి వడకట్టండి, బట్ట ముంచండి, అందమైన పసుపు వస్తుంది" అని చెప్పే వీడియోలకి కొదవ లేదు. రంగు వస్తుంది కూడా. నాలుగు ఉతుకులయ్యాక చూస్తే మాసిన గోధుమ ఛాయ మిగులుతుంది. తప్పు దానిమ్మది కాదు. పట్టులోనూ ఉన్నిలోనూ ఉండే ప్రొటీను రంగుని తేలిగ్గా పట్టుకుంటుంది, నూలుకి ఆ గుణం చాలా తక్కువ. అందుకని నూలుకీ రంగుకీ మధ్య ఇద్దరు దళారులు కావాలి. కరక్కాయలోని వగరు నూలుని పట్టుకుంటుంది, లోహం ఆ వగరుని పట్టుకుంటుంది, రంగు ఆ లోహాన్ని పట్టుకుంటుంది. ఈ గొలుసులో ఏ లంకె వదులైనా బట్ట వెలుస్తుంది.

ఇక్కడ రాస్తున్నది ప్రధానంగా శ్రీకాళహస్తి పద్ధతి, అంటే కలంతో చేసే పని. పెడనలో అచ్చులతో చేస్తారు కాబట్టి పటికలోనూ కసింలోనూ తుమ్మ జిగురు కలుపుతారు, లేకపోతే అచ్చు నొక్కగానే పక్కలకి పాకుతుంది. లోపల జరిగే రసాయనం మాత్రం రెండు చోట్లా ఒకటే.

బట్ట

కొలతలన్నీ కిలో పొడి బట్టకి చెబుతున్నాను. మామూలు గాడా (ముతక నూలు బట్ట) అయితే అయిదారు మీటర్లు తూగుతుంది. మిల్లులో తెల్లబరిచిన బట్ట కొనకండి. దానికి మెరుపు కోసం వేసే మందు రంగుని అడ్డుకోకపోయినా, పసుపు ఛాయల్ని పాడు చేస్తుంది. పాలిస్టరు కలిసిన బట్ట అయితే పాలిస్టరు పోగు అస్సలు పట్టదు, దూరం నుంచి చూస్తే మొత్తం బూజు పట్టినట్టు ఉంటుంది. అనుమానం వస్తే ఒక పోగు లాగి కాల్చండి: నూలు కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

మగ్గం మీంచి దిగిన బట్టలో గంజీ, పత్తికి పుట్టుకతో ఉండే మైనమూ ఉంటాయి. 20 లీటర్ల నీళ్లలో 30 గ్రాముల చాకలి సోడా, 10 గ్రాముల సబ్బు వేసి గంటన్నర ఉడకబెడితే రెండూ పోతాయి. తీశాక నీళ్లు మురికి పసుపుగా ఉండాలి. ఆరిన బట్ట మీద నీటి చుక్క వేసి చూడండి. చుక్క పడీ పడగానే ఇంకిపోవాలి. ఒక్క క్షణం గుండ్రంగా నిలబడినా మళ్లీ ఉడకబెట్టాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే ఆ ఫలితం ఆఖరి రోజు దాకా కనిపించదు. ఎరుపు కాగులోంచి తీశాక మచ్చలు మచ్చలుగా వస్తే తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు వెతుక్కోవాలి.

కాళహస్తి పనివాళ్లు సోడాతో పాటు పేడని కూడా వాడతారు. రాత్రంతా పేడ నీళ్లలో నానబెట్టి, పొద్దున ఉతికి, ఎండలో పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తారు. రెండు మూడు రోజుల్లో బట్ట తెల్లబడుతుంది. బ్లీచింగు పౌడరు కంటే నెమ్మది, కానీ నూలు బలం తగ్గదు.

కరక్కాయ, పాలు

కరక్కాయ గింజలో వగరు పెద్దగా ఉండదు, పైపెచ్చులోనే ఉంటుంది. పచారీ కొట్లో కాయలు కొని, పగలగొట్టి గింజ తీసేసి పెచ్చుల్ని దంచుకుంటే మంచిది. కిలో బట్టకి 200 గ్రాముల పొడి. దాన్ని రెండు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, కాచని గేదె పాలు రెండు లీటర్లు కలపాలి. బట్ట అంతా మునగడానికి ఇంకో లీటరు నీళ్లు పట్టొచ్చు.

పాలు ఎందుకంటే, కలం గీత పాకకుండా. పాలలోని వెన్న పోగుల మధ్య సందుల్ని మూస్తుంది, అందుకని కసిం గీత గీసిన చోటే నిలుస్తుంది. ఆవు పాలు, ప్యాకెట్ పాలు వాడితే వెన్న తక్కువై గీత అంచులు వెంట్రుకల్లా పక్కలకి లేస్తాయి. కాచిన పాలు వాడితే మీగడ కట్టి బట్ట మీద అట్టలు పడతాయి, ఆ అట్టల కింద రంగు పట్టదు.

బట్టని ఇందులో వేసి పావుగంట పిసికి, సమంగా పిండి, వెంటనే ఎండలో నేల మీద పరవాలి. దండెం మీద వేస్తే రసమంతా కిందికి దిగి అడుగు అంచు ముదురుగా, పై అంచు లేతగా తయారవుతుంది. ఎండ తగిలిన వైపు పసుపు ఎక్కువగా తేలుతుంది కాబట్టి ఆ వైపే బొమ్మ గీస్తారు. ఇంకో జాగ్రత్త: ఈ దశలో బట్టకి ఎక్కడా ఇనుము తగలకూడదు. తుప్పు పట్టిన బకెట్ పిడి, ఇనప తీగ దండెం, పాత కుళాయిలోంచి రాలిన ఒక్క తుప్పు రవ్వ, ఏది తగిలినా అక్కడ నల్లటి చుక్క పడుతుంది. అది ఉతికితే పోదు. ఎందుకు పోదో కింద కసిం గురించి చదివితే తెలుస్తుంది.

పాలు పట్టించిన బట్ట వారం పది రోజుల్లో వాడేయాలి. దాచిపెడితే వాసన వస్తుంది, పురుగు కూడా కొడుతుంది.

కసిం

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కోరేదీ, ఎక్కువ మంది పాడు చేసుకునేదీ ఇదే.

మట్టికుండలో 10 లీటర్ల నీళ్లకి ఇనుము రెండు కిలోలు, నల్లబెల్లం కిలో, తాటిబెల్లం 200 గ్రాములు. ఇనుము అంటే పాత మేకులు, నాడాలు, బండి చక్రం పట్టా ముక్కలు. జింకు పూత పూసిన మేకులు, స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరావు. లేత్ మిషను దగ్గర దొరికే రజను తొందరగా కరుగుతుంది కానీ దాన్ని పట్టుకుని నూనె ఉంటుంది, ఆ నూనె కసింలో తేలి గీత మధ్యలో తెగేలా చేస్తుంది. అందుకని ఏ ఇనుమైనా ముందు నిప్పుల్లో వేసి ఎర్రగా కాల్చి, చల్లారాక పొక్కు దులిపి వాడటం మేలు.

కుండ మూతికి గుడ్డ కట్టాలి. బిగుతైన మూత పెట్టొద్దు. ముందు బెల్లం పులిసి సారా అవుతుంది, తర్వాత ఆ సారా గాలి తగిలి వెనిగరు అవుతుంది, ఆ వెనిగరే ఇనుముని కరిగిస్తుంది. గాలి ఆడకపోతే రెండో మెట్టు జరగదు. రెండో రోజుకో మూడో రోజుకో నురగ లేస్తుంది. రోజూ ఒకసారి కర్రతో కలిపితే చాలు. ఎండాకాలం అయితే రెండు వారాలు, చలికాలం మూడు నాలుగు వారాలు పడుతుంది. పుల్లటి వాసన రావాలి. కుళ్లు వాసన వస్తే బెల్లం తక్కువై నీళ్లు ఎక్కువైనట్టు. దాన్ని బాగుచేయడం కంటే పారబోసి మళ్లీ పెట్టుకోవడం నయం.

తయారైందో లేదో చూడటానికి కరక్కాయ పట్టించిన బట్ట ముక్క ఒకటి పక్కన ఉంచుకోవాలి. కలంతో ఒక గీత గీయండి. గీసిన క్షణాన ఊదా కలిసిన బూడిద రంగులో ఉంటుంది, చూస్తుండగానే చీకటి పడి, నిమిషంలో నిగనిగలాడే నలుపు అవుతుంది. ఇనుమూ వగరూ కలిసిన పదార్థం గాలి తగిలాకే పూర్తిగా నల్లబడుతుంది కాబట్టి ఆ నిమిషం ఆలస్యం సహజమే. కరక్కాయ, అన్నభేది (ఇనుప సల్ఫేటు) కలిపి మన పాత బడుల్లో చేసుకున్న సిరా కూడా ఇదే సరుకు. ఆ నలుపు పోగు లోపలే పుట్టి, నీళ్లలో కరగని రూపానికి మారిపోతుంది. అందుకే ఉతికితే పోదు.

గీత నల్లగా కాక గోధుమగా ఆగిపోతే కసిం ఇంకా పక్వానికి రాలేదు. గీత నల్లబడినా చుట్టూ పసుపు గోధుమ వలయం పాకితే ఇనుము కంటే నీరు ఎక్కువ, లేదా బట్టలో పాలు చాల్లేదు. ఆరిన గీత వేలికి జిగురుగా తగిలితే బెల్లం పూర్తిగా పులియలేదు, ఇంకో వారం ఆగాలి. గీసినప్పుడు నల్లగా ఉండి ఉతికాక తుప్పు రంగుకి దిగితే కరక్కాయ తక్కువ. వగరుకి దొరకని ఇనుము అంతా తుప్పుగా మారి కూర్చుంటుంది. ఇన్ని తేడాలూ ఒకే బట్ట ముక్క మీద పరీక్షించుకోవచ్చు కాబట్టి తొందరపడి చీర మీద గీయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇంత తతంగం ఎందుకు, అన్నభేది నీళ్లలో కలిపి గీసేస్తే పోదా అని అడిగేవాళ్లు చాలామంది. గీయొచ్చు, నల్లగానే వస్తుంది. కానీ అన్నభేదిలోని ఇనుము వగరుతో కలిసినప్పుడు గంధకామ్లం బయటపడుతుంది. అది ఆవిరి కాదు, బట్టలోనే ఉండి నూలుని తినేస్తుంది. కసింలో బయటపడేది వెనిగరులోని ఆమ్లం కాబట్టి ఎండకి చాలావరకు ఆవిరైపోతుంది. బెల్లం కుండ పెట్టే పద్ధతికి అసలు కారణం ఈ తేడాయే అని నా అభిప్రాయం. తప్పనిసరై అన్నభేదే వాడాల్సి వస్తే, బట్టంతా ముంచే పనికి కిలోకి 20-30 గ్రాములు దాటొద్దు, గీతలకి వాడొద్దు.

కసిం కూడా పూర్తిగా అమాయకం కాదు. మ్యూజియంలలో ఉన్న పాత కోరమాండల్ (మన తూర్పు తీరపు) బట్టల్లో ఎరుపులు ఇంకా కళకళలాడుతుంటే నల్ల గీతలున్న చోట మాత్రం నూలు పొడిపొడిగా రాలిపోయి కనిపిస్తుంది. మిగిలిన ఆమ్లం ఒక కారణం, ఇనుమే గాలితో కలిసి నూలుని నెమ్మదిగా కాల్చడం ఇంకో కారణం. గీత ముదరలేదని ఒకదాని మీద ఒకటి మూడుసార్లు గీయకుండా ఉండటం, గీత ఆరిన మర్నాడే బాగా ఉతకడం, ఈ రెండూ పాటిస్తే బట్ట ఆయుష్షు పెరుగుతుంది.

గీతకి కలం వెదురు పుల్ల. మొనకి కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్నిని కసింలో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కితే మొన దాకా దిగుతుంది. నొక్కు ఎక్కువైతే బొట్టు పడుతుంది, పడితే ఇక తుడవడం ఉండదు. ముందు వేసుకునే చిత్తు గీతలకి చింతపుల్లలు కాల్చిన బొగ్గు వాడతారు, అది ఉతుకులో పోతుంది. పెన్సిలు వాడితే చివరి దాకా ఉండిపోతుంది.

పటిక

లీటరు నీళ్లకి 100 గ్రాములు. లేత ఎరుపు కావాలంటే 50. వేడినీళ్లలో కరిగించి చల్లార్చాక వాడాలి. పటిక నీళ్లు పులుపు గుణం కలవి, ఆ పులుపు కొంత తగ్గితే నూలుకి బాగా పట్టుకుంటుంది. అందుకని 100 గ్రాముల పటికకి పొడి చాకలి సోడా చిటికెలు చిటికెలుగా వేస్తూ కలపాలి, మొత్తం 10 గ్రాములు దాటకూడదు. బుసబుసా పొంగుతుంది, తెల్లటి తరక వచ్చి కలిపితే కరిగిపోతుంది. తరక కరగకుండా నిలిచిందంటే సోడా ఎక్కువైంది. అడుగున పేరుకున్నదంతా రంగుకి పనికిరాని పటికే.

కొన్న పటిక మంచిదో కాదో తెలియడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. కరక్కాయ బట్ట మీద ఒక చుక్క వేయండి. ఆరాక పసుపు నిలిస్తే మంచి పటిక. బూడిద ఛాయ వస్తే అందులో ఇనుము కలిసింది, దాంతో ఎరుపు మట్టి రంగుకి దిగుతుంది. నీళ్లు శుభ్రం చేయడానికి అమ్మే చవక పటికలో ఈ బెడద ఎక్కువ.

పటికలో కావాలనే కొంచెం కసిం కలిపితే ఎరుపు వంకాయ రంగుకీ, కాఫీ గింజ రంగుకీ జరుగుతుంది. లీటరు పటిక నీళ్లకి 50 మిల్లీలీటర్ల కసింతో మొదలుపెట్టి ముక్క మీద చూసుకుంటూ పెంచండి.

పూశాక కనీసం ఒక రోజు, కుదిరితే రెండు రోజులు, మడత పెట్టకుండా వదిలేయాలి. తడి మడతల్లో ఒక పొర పటిక ఇంకో పొరకి అంటి, కాగులో వేశాక ఎక్కడా గీయని ఎర్ర బొమ్మ నీడలా తేలుతుంది.

పారే నీళ్లు

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఈ పని ఎందుకు కుదురుకుందో ఇక్కడ తెలుస్తుంది. పటిక పూసిన బట్టని కాగులో వేసే ముందు పోగుకి పట్టని పటికంతా వదిలించాలి. నిలవ నీళ్లలో ఉతికితే ఊడిన పటిక ఖాళీ చోట్ల మీద కూర్చుంటుంది, తర్వాత అక్కడ కూడా ఎరుపెక్కి నేల రంగు పాడవుతుంది. పారే నీళ్లలో ఊడింది ఊడినట్టే కొట్టుకుపోతుంది. బట్టని ప్రవాహానికి అడ్డంగా కాక పొడుగ్గా వదలాలి, పిసకకూడదు.

ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ఏట్లో నీళ్లే ఉండవన్నది వేరే బాధ. ఇంట్లో చేసేవాళ్లు కిలో బట్టకి 40 లీటర్ల తొట్టి పెట్టుకుని, మొదటి నీళ్లలో గుప్పెడు సుద్దపొడి గానీ కొంచెం పేడ గానీ కలిపి, బట్టని విప్పి ఒక్కసారిగా ముంచి, ఆపకుండా పది నిమిషాలు ఆడించాలి. సుద్దా పేడా ఊడిన పటికని అక్కడికక్కడే పట్టేసుకుంటాయి. తర్వాత మూడుసార్లు కొత్త నీళ్లు. బట్టని కొంచెం కొంచెంగా ముంచితే నీటి గీత దగ్గర మరక పడుతుంది.

ఎరుపు కాగు

మంజిష్ఠ కిలో బట్టకి 500 గ్రాములు, ముదురు కావాలంటే 800. ఆయుర్వేద మూలికల కొట్లో దొరుకుతుంది, పొడి కాకుండా ముక్కలు కొనండి, పొడిలో ఏం కలిపారో తెలియదు. దంచి రాత్రంతా నానబెట్టాలి. కాళహస్తిలో దీనితో పాటు సురుడు చెక్క కూడా వేస్తారు, దానివల్ల ఎరుపు కొంచెం ముదురు వైపు ఒరుగుతుంది.

పాత్ర రాగిది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ ఉండాలి. ఇనప పాత్ర వద్దు, అల్యూమినియం కూడా వద్దు. 30 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో రంగూ, తడి బట్టా వేసి, గంటసేపు తీసుకుని 70 డిగ్రీలకి తేవాలి. అక్కడ ఇంకో గంట. కర్రతో తిప్పుతూనే ఉండాలి, బట్ట నీళ్లపైకి లేస్తే లేచిన చోట గాలి బుడగ ఆకారంలో లేత మచ్చ పడుతుంది. మొదటి నుంచీ మరిగిస్తే వేరులోని గోధుమ పదార్థాలు కూడా దిగి ఎరుపు మసకబారుతుంది. ఆఖరి పది నిమిషాలు మంట పెంచితే మాత్రం రంగు గట్టిపడుతుంది.

నీళ్లలో సున్నం ఉండాలి. మన బోరు నీళ్లలో కావలసినంత ఉంటుంది, బట్టలకి సబ్బు నురగ రాదని తిట్టుకునే ఆ నీళ్లే ఈ పనికి బంగారం. వాన నీళ్లతోనో, మెత్తటి కుళాయి నీళ్లొచ్చే అమెరికా ఊళ్లలోనో చేసేవాళ్లు లీటరుకి రెండు గ్రాముల సుద్దపొడి వేసుకోవాలి. అది లేకపోతే నారింజ వైపు తిరిగిన నీరసమైన ఎరుపు వస్తుంది.

కోరమాండల్ తీరానికి పేరు తెచ్చిన ఎరుపు మాత్రం మంజిష్ఠది కాదు, చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, పొడుగాటి సన్నటి వేళ్లు. కృష్ణా ముఖద్వారం దగ్గర నిజాంపట్నం చుట్టుపక్కల చిరివేరుకి పాత వర్తకుల రాతల్లో ప్రత్యేకంగా పేరుంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ ఈ తీరానికి వచ్చినప్పుడు దిగింది నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ. 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో బోలియే అనే ఫ్రెంచి నౌకాధికారి ఈ పనంతా దగ్గరుండి చూసి, ప్రతి మెట్టులోనూ బట్ట ముక్క కత్తిరించి తన రాతకి జోడించాడు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఇదే పనిని ఉత్తరంలో రాసి పంపాడు. ఆ రాతల్లో కరక్కాయ ఉంది, గేదె పాలున్నాయి, కసిం ఉంది, పేడ ఉంది. మూడొందల ఏళ్ల కిందటి రహస్యమంతా ఇంతే. దాన్ని చదివి యూరపు వాళ్లు కూడా చేయగలిగారు కాబట్టి రహస్యం అనడం కూడా సరికాదేమో.

చిరివేరులో ఉండే ఎర్ర పదార్థం పేరు అలిజరిన్. 1868లో గ్రేబ, లీబర్‌మన్ అనే జర్మన్లు దాన్ని బొగ్గు తారు సరుకుతో తయారు చేశారు. అక్కడి నుంచి చిరివేరు సాగు కుప్పకూలింది. ఇవాళ పెడనలో ఎరుపు కాగులో పడేది చాలావరకు ఆ కృత్రిమ అలిజరినే, తోడుగా జాజి ఆకు వేసి మరిగిస్తారు. దాన్ని "నూరు శాతం కూరగాయల రంగు" అని అమ్మడం నాకు నచ్చదు, మోసపు సరుకని కొట్టిపారేయడమూ నచ్చదు. వేరులో ఉన్న పదార్థమూ సీసాలో ఉన్న పదార్థమూ ఒకటే. పటిక, కరక్కాయ, ఉతుకు, అన్నీ అవే చాకిరీ. వేరులో అలిజరిన్‌తో పాటు ఇంకో నాలుగైదు రంగులుంటాయి కాబట్టి ఎరుపులో కొంచెం లోతు ఉంటుంది, తేడా అంతవరకే. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి అమ్మితే సరిపోతుంది.

కాగులోంచి తీసిన బట్ట మొత్తం గులాబీ రంగులో దిగులుగా కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. ఉతికి, రాత్రంతా పేడ నీళ్లలో ఉంచి, రెండు మూడు రోజులు ఎండలో పరిచి నీళ్లు చిలకరిస్తే, పటిక లేని చోటి రంగుకి పట్టు లేదు కాబట్టి ఎండకి విరిగిపోతుంది. పటిక ఉన్న చోట ఎరుపు కదలదు.

పసుపు, నీలం

పసుపుకి ముందు ఇంకోసారి పాలు పట్టించాలి, ఈసారి కరక్కాయ లేకుండా. కరక్కాయ పువ్వు గానీ దానిమ్మ తొక్క గానీ 250 గ్రాములు లీటరున్నర నీళ్లలో సగానికి ఇంకేదాకా కాచి, వడకట్టి, 20 గ్రాముల పటిక కలిపి కలంతో పూస్తారు. ఎంత బాగా చేసినా సహజ రంగుల్లో పసుపే బలహీనం. వంటింటి పసుపు అయితే మరీ అన్యాయం, ఒక్క మధ్యాహ్నం ఎండకి పోతుంది. పాత బట్టల్లో ఆకులు నీలంగా కనిపించడానికి కారణం ఇదే: నీలం మీద పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చారు, పసుపు వెలిసి నీలం మిగిలింది.

నీలిమందుకి పటిక అక్కర్లేదు, దాని దారి వేరు. నీళ్లలో కరగని నీలిని సున్నంతో, పులిసే తీపితో కరిగే రూపానికి తెచ్చి, బట్టలోకి ఎక్కాక గాలితో మళ్లీ నీలంగా మార్చాలి. 10 లీటర్ల నీళ్లకి నీలి 50 గ్రాములు, సున్నం 100, బెల్లం 150. నీలిని నీళ్లు చిలకరిస్తూ మెత్తగా నూరాలి, రవ్వలు మిగిలితే అవి కరగవు. వేడినీళ్లలో అన్నీ కలిపి, గోరువెచ్చగా ఉంచి, గంటకోసారి నెమ్మదిగా తిప్పాలి. పైన రాగి మెరుపు తెట్టు, మధ్యలో నీలి నురగ, కింద నీళ్లు పసుపుపచ్చగా ఉంటే తొట్టి సిద్ధం. నీళ్లు కూడా నీలంగానే ఉంటే నీలి ఇంకా కరిగే రూపానికి రాలేదు, బెల్లం చాల్లేదు లేదా చల్లారింది. పాత పద్ధతిలో బెల్లం బదులు తగిరిస గింజలు ఉడకబెట్టిన రసం పోసేవారు.

బట్టని అయిదు నిమిషాలు ముంచి, నీళ్లు చిమ్మకుండా తీసి, పది నిమిషాలు గాలికి ఆరేయాలి. పచ్చగా బయటికొచ్చి నీలంగా తిరుగుతుంది. ముదురు కావాలంటే ఎక్కువసేపు నానబెట్టడం కాదు, ఎక్కువసార్లు ముంచడం దారి. సున్నం ఘాటుకి ఎరుపు ఊదా వైపు తిరుగుతుంది, పటిక కూడా కొంత ఊడుతుంది. పాత కాలంలో నీలానికి పంపేముందు బట్టంతా మైనం పూసి నీలం కావలసిన చోటే వదిలేది అందుకే. ఆఖర్న లీటరుకి ఒక చెంచాడు వెనిగరు వేసిన నీళ్లలో నీలి బట్టని జాడిస్తే సున్నపు పొడి పోతుంది. కసిం గీతలున్న బట్టకి మాత్రం ఈ వెనిగరు జాడింపు వద్దు, బోలెడు మంచి నీళ్లే శరణ్యం.

కొనేటప్పుడు, ఉతికేటప్పుడు

కలంకారీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు స్క్రీన్ ప్రింటు. వెనక్కి తిప్పి చూడండి, ప్రింటు అయితే వెనక తెల్లగా ఉంటుంది, అసలుదైతే రంగు రెండు వైపులా దాదాపు సమానం. నలుపు పరీక్షకి అంచు లోపలివైపు ఒక మూల నిమ్మరసం చుక్క వేయండి. కసిం నలుపు కాసేపట్లో గోధుమకి దిగుతుంది, రసాయన నలుపు చెక్కుచెదరదు. ఎరుపు వేరుదో సీసాదో చెప్పే పరీక్ష ఇంట్లో చేయడానికి లేదు, అలా చెప్పగలనన్న అమ్మకందారు మాట నమ్మొద్దు.

నిమ్మరసం కసింని విరుస్తుంది కాబట్టి ఈ చీరల మీద మరక పడితే నిమ్మకాయ, వెనిగరు, చింతపండు తగిలించకూడదు. సర్ఫు పొడుల్లో ఉండే సోడా పసుపుని తినేస్తుంది. కుంకుడుకాయ రసం చాలు, చల్లటి నీళ్లు, నానబెట్టకుండా. నీడలో ఆరేసి, ఏడాదికి రెండుసార్లు మడత మార్చి పెట్టుకోండి. మడత పడిన చోట నల్ల గీత ఉంటే నూలు ముందు అక్కడే చిరుగుతుంది.